పిడకల విరమణ ఒప్పందం

హెడ్ కానిస్టేబుల్ మద్దిలేటి జీవితంలో చేసిన పెద్ద తప్పు ఒక్కటే. పోయినేడు ఉగాది మర్నాడు, సుంకులమ్మ విసిరిన పిడకకి పక్కకి తప్పుకున్నాడు.

పిడక మీదికొస్తుంటే ఎవడైనా తప్పుకోడా, అందులో తప్పేముంది అంటారు మీరు. ఎద్దులకొట్టాలలో ఆ మాట అని చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. ఆ ఊరికి రెండు వీధులు. మిట్ట మీద ఉన్నది మీదిగేరి, పల్లంలో ఉన్నది కిందిగేరి. ఉగాది మర్నాడు సాయంత్రం రెండు గేర్లవాళ్ళూ నడిమి బాటకి అటూ ఇటూ నిలబడి, గంటసేపు పిడకలతో ఎడాపెడా కొట్టుకుంటారు. నెత్తులు బొప్పి కడతాయి, చొక్కాలు పేడవుతాయి. ఆనక అందరూ కలిసి బొరుగులూ బెల్లమూ తిని ఇళ్ళకి పోతారు. ఇదంతా ఆట.

అసలు సంగతి పసుపు పిడకది. ఆడమనిషి తను మనసుపడ్డ మగాడి మీదికి పసుపు రాసిన పిడక విసురుతుంది. అతను కదలకుండా నిలబడి తగిలించుకుంటే సంబంధం ఖాయం. తప్పుకుంటే ఇష్టం లేదన్నమాట. మళ్ళీ ఉగాదికి ఇంకొక్కసారి విసరచ్చు. ఆ ఏడు విసరకపోయినా, విసిరినప్పుడు అతను తప్పుకున్నా, ఆ మాట ఇక జన్మలో ఎత్తకూడదు. పెళ్ళికాని పిల్లలకే కాదు, పెళ్ళాం పోయినవాళ్ళకీ మొగుడు పోయినవాళ్ళకీ ఇదే పద్ధతి.

మద్దిలేటి భార్య పోయి ఆరేళ్ళు. కిందిగేరి సుంకులమ్మ భర్త పోయి తొమ్మిదేళ్ళు. నడిమి బాట మీద ఆమెకో హోటలుంది. హోటలంటే రెండు బల్లలు, ఒక పొయ్యి, రేకుల కప్పు. మద్దిలేటి డ్యూటీకి పోతూ రోజూ అక్కడే బొరుగుల ఉగ్గాని తింటాడు. నాలుగేళ్ళపాటు ఆమె అతని ప్లేటులో మిరపకాయ బజ్జీలు రెండు ఎక్కువ వేస్తూ వచ్చింది, అతను తల దించుకొని తింటూ వచ్చాడు. చివరికి ఆమెకే విసుగొచ్చి పసుపు పిడక అందుకుంది.

ఆ పిడక కోసం మద్దిలేటి ఎంత ఎదురుచూశాడో పైనున్న దేవుడికే తెలుసు. తీరా అది గాల్లో వస్తుంటే ఇరవై రెండేళ్ళ సర్వీసు అడ్డమొచ్చింది. ఎన్ని గొడవల్లో ఎన్ని రాళ్ళని తప్పించుకున్న ఒళ్ళది! మనసేమో అక్కడే నిలబడదామంది, ఒళ్ళు మాత్రం చటుక్కున పక్కకి జరిగిపోయింది. పిడక పోయి కరెంటు స్తంభానికి కొట్టుకుంది. ఊరంతా "అయ్యో!" అంది. సుంకులమ్మ చేతులు దులుపుకొని వెళ్ళిపోయింది. మర్నాటినుంచీ అతని ప్లేటులో బజ్జీ లేదు. అడిగితే అయిపోయినాయంటుంది, పక్కవాడికి నాలుగు వేస్తూ.

సరే, మనిషి బుద్ధి తెచ్చుకున్నాడు. ఏడాది పొడుగునా సాధన చేశాడు. స్టేషను వెనక గోడకి ఆనుకొని అతను నిలబడితే, కానిస్టేబుల్ దస్తగిరి వంకాయలు విసిరేవాడు. మొదటి నాలుగు నెలలూ ఒక్క వంకాయా తగల్లేదు.

"అన్నా, నీకు పెండ్లి రాసిపెట్టిలేదు. కబడ్డీ రాసిపెట్టిండాది," అన్నాడు దస్తగిరి, విసిరి విసిరి చెయ్యి పట్టేసి.

"నువ్వు విసురప్పా. నోరు మూసుకొని విసురు."

ఆరో నెలలో ఒకటి భుజానికి తగిలింది. ఇద్దరూ ఎగిరి గంతేశారు. ఉగాది ఇంకా నెలన్నర ఉందనగా మద్దిలేటి కళ్ళు తెరుచుకొనే, పదింట ఎనిమిది వంకాయలు మొహాన తగిలించుకునే స్థాయికి వచ్చాడు.

సరిగ్గా అప్పుడు దిగారు డీఎస్పీ పరాంకుశం గారు.

పరాంకుశం గారు సముద్రాల అవతల ఏదో దేశంలో, అంతర్జాతీయ శాంతి పరిరక్షణ మిషన్‌లో పద్దెనిమిది నెలలు పనిచేసి వచ్చారు. ఆయనది 'నేర్చుకున్న పాఠాల విభాగం'. యుద్ధం జరిగే చోటికి ఆయన వెళ్ళలేదు. వెళ్ళాలనే ఉండేదిగానీ బండికి అనుమతి రాలేదు. ఏసీ గదిలో కూర్చునే నూట పద్నాలుగు పాఠాలు నేర్చుకున్నారు. నీలం అట్ట పుస్తకంగా కుట్టించి వాటిని వెంట తెచ్చుకున్నారు. ఎక్కడైనా రెండు పక్షాలు దొరికితే చాలు, ఆ పాఠాలన్నీ అమలుచేసి చూపిద్దామని ఆయనకి ఒకటే ఆరాటం. రెండు పక్షాలు ఆయనకి స్టేషను రికార్డులో దొరికాయి.

"ఎద్దులకొట్టాల. వర్గాలు రెండు. ఏటా సాయుధ ఘర్షణ. గత సంవత్సరం క్షతగాత్రులు ముప్పై ఏడుగురు," అని చదివి, కళ్ళజోడు తీశారు. "ఎంతకాలంగా జరుగుతోందిది?"

"మా తాతల కాడ్నించీ సార్," అన్నాడు మద్దిలేటి. "అయితే అది ఘర్షణ కాదు సార్. పండగ."

పరాంకుశం గారు జాలిగా చూసి పుస్తకం తెరిచారు. "పాఠం నెంబరు మూడు. 'స్థానికులు సంఘర్షణకు అలవాటుపడి, దానిని సంస్కృతిగా పొరబడు ప్రమాదము కలదు.' మీది ఏ ఊరు?"

"అదే ఊరు సార్. మీదిగేరి."

"అంటే మీరొక పక్షం. మీ మాట పరిగణనలోకి తీసుకోరాదు. అయితే పాఠం నెంబరు నాలుగు ప్రకారం స్థానిక సిబ్బంది భాగస్వామ్యం తప్పనిసరి. కనుక మిమ్మల్ని మిషన్‌లో ప్రథమ పరిశీలకుడిగా నియమిస్తున్నాను. ఇక మాట్లాడకండి."

వారం తిరక్కుండా ఊళ్ళో గుడారం లేచింది. 'ఎద్దులకొట్టాల తాత్కాలిక శాంతి పరిరక్షణ, సుస్థిరత, సయోధ్య మిషన్' అని బోర్డు కట్టారు. పేరు పట్టక బోర్డుని రెండు చింతచెట్లకి కలిపి కట్టాల్సొచ్చింది. లాఠీచార్జీల్లో వాడే హెల్మెట్లకి నీలం రంగు వేశారు. నడిమి బాటకి ఇరువైపులా సున్నపుగీతలు గీసి తటస్థ మండలం అన్నారు. ఆ మండలం మధ్యలో సుంకులమ్మ హోటలు చిక్కుకుపోయింది. ఇకనుంచి ఉగ్గాని తినాలంటే పాసు కావాలి, పాసుకి ఫోటో కావాలి, ఫోటోకి పత్తికొండ పోవాలి.

ఆ తర్వాత నిరాయుధీకరణ మొదలైంది. ఇంటింటికీ వెళ్ళి పిడకలు జప్తు చేసి, గుడారంలో పేర్చి, రసీదులిచ్చారు. ఎండినవి ఆయుధాలట. గోడకి కొట్టిన పచ్చివి 'తయారీ దశలో ఉన్న ఆయుధాలు'. ఇక బర్రెల సంగతి వచ్చేసరికి పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించారు. చివరికి వాటిని 'ఉత్పత్తి కేంద్రాలు'గా ప్రకటించి, ఒక్కో బర్రె వెనక ఒక హోంగార్డుని కాపలా పెట్టారు. బర్రె తోక ఎత్తినప్పుడల్లా హోంగార్డు టైము రాసుకోవాలి. ఒకడు రాసుకుంటూ మరీ దగ్గరగా నిలబడ్డాడు. పాపం, వాడికి యూనిఫాం మళ్ళీ ఇవ్వాల్సొచ్చింది.

ముసలి చెన్నవ్వ ఇంట్లో పసుపు రాసిన పిడక ఒకటి దొరికింది. పరాంకుశం గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"పూత పూసిన ఆయుధం! ఎవరూ తాకకండి. ఇది రసాయనికం కావచ్చు."

"పసుపు సామీ," అంది చెన్నవ్వ. "మా మనవరాలు పూసింది. యా పిల్లోడికో చెప్పదు."

దాన్ని గాజుసీసాలో పెట్టి ప్రయోగశాలకి పంపారు. పసుపు, పేడ, కొంచెం గడ్డి, గాయాలకి మంచిది అని జవాబొచ్చింది. ఆ చివరి మాటని పరాంకుశం గారు ఎర్రసిరాతో కొట్టేశారు. పసుపు పిడకలు పూర్తిగా నిషిద్ధమని దండోరా వేయించారు. దండోరా వింటూ మద్దిలేటి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఆట లేకపోతే పిడక లేదు, పిడక లేకపోతే ఏడు చెల్లిపోతుంది, ఏడు చెల్లితే సుంకులమ్మ ఇక లేదు. ఎవరితో చెప్పుకుంటాడు? చెప్పుకుంటే పక్షపాతమంటారు.

పైగా ఆమె పొయ్యిలోని పిడకలు జప్తు చేసే పని అతని నెత్తినే పడింది. హోటలు ముందు నీలం హెల్మెట్టుతో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సుంకులమ్మా, ఉత్తర్వులు."

"తీసుకపో," అంది సుంకులమ్మ. బజ్జీలు అయిపోయినాయనడం కాక, ఏడాదిలో అతనితో ఆడిన మొదటి మాట అది. "పొయ్యిలోది కూడా తీసుకపో, కాలుతాండాది, చెయ్యి జాగ్రత్త. పోయినేడు పిడక వస్తే పారిపోతివి. ఈయేడు పిడకల్నే ఊళ్ళో లేకుండా చేస్తివి. నీకు నేనంటే అంత భయమని తెలిసింటే రాయి విసురుదును గదా!"

"నేను చేసింది కాదు ఇది. డీఎస్పీ సారు..."

"తలకాయ మీద ఆ నీలి కుండ ఏంది? నీళ్ళకు పోతాండవా?"

మద్దిలేటి రసీదు రాసిచ్చాడు. ఆమె దాన్ని ఖాళీ పొయ్యిలో వేసింది. మంట రాకపోయేసరికి అతనివైపు చూసిన చూపుకి, హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకొని గుడారం దాకా నడిచిపోయాడు. ఏడుపొచ్చినంత పనైంది అతనికి.

ఇంతలో శాంతి చర్చలు వచ్చాయి. మీదిగేరికి పెద్ద ఉరుకుందప్ప. కిందిగేరికి పెద్ద నర్సప్ప. ఉరుకుందప్ప భార్య నర్సప్పకి సొంత అక్క. బావా బామ్మర్దులిద్దరూ ఒకే బండి మీద చర్చలకి వచ్చారు. పరాంకుశం గారు ఇద్దర్నీ వెనక్కి పంపి, విడివిడిగా రమ్మన్నారు. రెండో బండి లేక నర్సప్ప నడిచొచ్చాడు. గుడారం మధ్య దుప్పటి కట్టి ఒకర్నిటు ఒకర్నటు కూర్చోబెట్టారు.

"పాఠం నెంబరు పంతొమ్మిది. ఇరుపక్షాలూ నేరుగా సంభాషించరాదు. దుబాసీ ద్వారా మాత్రమే," అన్నారు పరాంకుశం గారు.

"సార్, ఇద్దరిదీ తెలుగే," అన్నాడు మద్దిలేటి.

"అందుకే మిమ్మల్ని నియమించాను. మీకు తెలుగు వచ్చు కదా."

దుప్పటి అవతల్నుంచి నర్సప్ప గొంతు వినిపించింది. "బావా, అక్కకు కాలునొప్పి తగ్గెనా?"

పరాంకుశం గారు మద్దిలేటి వైపు చూశారు. మద్దిలేటి లేచి నిలబడ్డాడు. "కిందిగేరి పక్షంవారు తమ సోదరి పాదం విషయమై ఆందోళన వ్యక్తం చేస్తున్నారు."

"తైలం రాస్తాండాం. ఫరవాలేదు," అన్నాడు ఉరుకుందప్ప.

"మీదిగేరి పక్షంవారు తైలం విషయంలో సానుకూలంగా ఉన్నారు."

"పురోగతి!" అన్నారు పరాంకుశం గారు, రాసుకుంటూ. ఆనక మూలకారణం చెప్పమని ఇద్దర్నీ అడిగారు. మూలకారణం లేదన్నారు ఇద్దరూ. మూలకారణం లేని సంఘర్షణ మరీ ప్రమాదకరమని ఆయన ఫారాలు పంచారు. ప్రతి ఇంటివాళ్ళూ అవతలి గేరి మీద తమకున్న మనస్తాపాలు రాసివ్వాలి. పదికి తగ్గితే ఫారం చెల్లదు.

ఆ ఫారాలు ఊళ్ళోకి వెళ్ళాక మొదలైంది అసలు కథ. మొదటి రెండుమూడు మనస్తాపాలు జనం నవ్వుకుంటూ రాశారు. నాలుగోదానికి గుర్తు చేసుకోవాల్సొచ్చింది. ఆరోదాని దగ్గర కోపాలొచ్చాయి. పదో దాని దగ్గర కాగితం చాల్లేదు. తన పెళ్ళికి బావ పెట్టిన గడియారం అసలు నడవనే లేదని నర్సప్పకి ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత తట్టింది. బామ్మర్ది తన ఎద్దుని ముసలిదన్నాడని ఉరుకుందప్పకి జ్ఞాపకమొచ్చింది. వారంలో బావా బామ్మర్దులకి మాటల్లేవు. రెండు గేర్ల ఆడవాళ్ళూ కొళాయి దగ్గర బిందెలు మోగించుకున్నారు. ఇన్ని వందల పిడకలు పడ్డా ఏనాడూ రాని పగ, ఒక్క ఫారంతో వచ్చి కూర్చుంది.

పరాంకుశం గారి ఆనందం చూడాలి! "ఇదిగో, ఇప్పుడు కనపడుతోంది సంఘర్షణ. నేను మొదటిరోజే చెప్పలేదూ? మిషన్ సకాలంలో రాకపోయి ఉంటే ఏమయ్యేది?" అని, మిషన్‌ని ఇంకో ఆర్నెల్లు పొడిగించమని పైకి రాశారు.

ఆ ఉత్తరం చూసి ఐజీ గారు స్వయంగా వస్తామన్నారు. ఉగాది మర్నాడే. ఆ రోజు పిడకల విరమణ ఒప్పందం మీద సంతకాలు కావాలని నిర్ణయమైంది. ఒట్టి సంతకాలైతే ఫోటో బాగుండదు కాబట్టి, పాఠం నెంబరు ఎనభై ఎనిమిది ప్రకారం ఒక ప్రతీకాత్మక చర్య ఉండాలన్నారు. ఒక్కటంటే ఒక్క పిడక. తనిఖీ చేసి ముద్ర వేసినది. దాన్ని ఒక పక్షం ప్రతినిధి తటస్థ మండలంలో, మనుషులెవరూ లేనిచోట మెల్లగా పడవేయాలి. చీటీ తీస్తే కిందిగేరికి వచ్చింది. ప్రతినిధి మహిళ అయి ఉండాలని పాఠం నెంబరు తొంభై అంటోంది. ఎవరు పోతారంటే కిందిగేరి ఆడవాళ్ళంతా సుంకులమ్మ వైపు తిరిగారు.

"నేనే పోతా," అంది సుంకులమ్మ. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

"మనుషులెవరూ లేనిచోట ఒక పరిశీలకుడు మాత్రం ఉండాలి," అన్నారు పరాంకుశం గారు మద్దిలేటితో. "సున్నపు వలయం మధ్యలో నిలబడండి. ఏం జరిగినా కదలకూడదు. ఏం జరిగినా కలగజేసుకోకూడదు. చూడాలి, నమోదు చేయాలి. పరిశీలకుడి పని అంతే."

"ఏం జరిగినా కదలకూడదా సార్?"

"ఏం జరిగినా."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో మద్దిలేటికి నచ్చిన ఉత్తర్వు ఇదొక్కటే. అయినా ఆశ పెట్టుకోవడానికి మనసు రాలేదు. పొయ్యి ఆర్పినవాడి మీద ఎవరు మనసుపడతారు? పిడక కింద పడేసి వెళ్ళిపోతుంది, అంతే కథ.

ఆ రోజు రానే వచ్చింది. షామియానా కింద ఐజీ గారు కూర్చున్నారు. రెండు గేర్లూ గీతలకి అటూ ఇటూ, మొహాలు మాడ్చుకొని నిలబడ్డాయి. డప్పులు మూగగా ఉన్నాయి. వలయం మధ్యలో నీలం హెల్మెట్టుతో, చేతిలో నోట్‌బుక్కుతో మద్దిలేటి. పరాంకుశం గారు మైకులో పాఠాలన్నీ వరసగా చదువుతుంటే, ఎండకి ఒకరిద్దరు కూలబడ్డారు.

సుంకులమ్మ వచ్చింది. హోంగార్డు పళ్ళెంలో పెట్టిచ్చిన పిడక అందుకుంది. గీత దగ్గర ఆగి మద్దిలేటిని తేరిపార చూసింది. ఉగాది నలుగుతో ఆమె చెంపలు ఇంకా పచ్చగా ఉన్నాయి. అరచేత్తో చెంప ఒక్కసారి గట్టిగా రుద్దుకొని, ఆ చేతిని పిడక మీద అద్దింది. అయిదు వేళ్ళూ పసుపుగా పడ్డాయి.

ముందు చెన్నవ్వ చూసింది. "ఓయమ్మా!" అంది. కిందిగేరి గుసగుసలాడింది. మీదిగేరి మెడలు సాచింది. డప్పువాళ్ళు పుల్లలు చేతికి తీసుకున్నారు.

పరాంకుశం గారికి కూడా పసుపు కనిపించింది. "రసాయనికం! పరిశీలకుడా, తప్పుకో! ఇది ఉత్తర్వు! తప్పుకో!"

పిడక గాల్లోకి లేచింది. మద్దిలేటి ఎడమకాలు దానంతటది పక్కకి పోబోయింది. ఉండవే, ఉండు, ఈ ఒక్కసారికి నా మాట విను, అని కాలిని బతిమాలుకున్నాడు. నోట్‌బుక్కు కింద పడేసి, హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకొని, మొహం ముందుకి చాపాడు.

ఫట్!

కళ్ళు, ముక్కు, మీసం, అంతా పిడకే. లోపల్నుంచి తెల్లగా పళ్ళు మాత్రం కనిపించాయి. నవ్వుతున్నాడు మహానుభావుడు.

డప్పులు పగిలిపోయేట్టు మోగాయి. ఈలలు, కేకలు. మాటల్లేని ఉరుకుందప్ప ఒక్క గెంతులో గీత దాటి, "ఒరే నర్సప్పా, నిలబడినాడ్రా! మనోడు నిలబడినాడు!" అని బామ్మర్దిని వాటేసుకున్నాడు. నర్సప్ప ఆ ఊపులో, "ఆ గడియారం మాట మర్చిపో బావా," అన్నాడు. ఎవరో గుడారం తాడు కోశారు. నెలరోజులుగా జప్తు చేసిన పిడకలన్నీ జనం మీద జారాయి. ఇంకేముంది? పాఠాలన్నీ ఒక పక్క, పిడకలన్నీ ఒక పక్క. గంటసేపనుకున్నది రెండు గంటలు సాగింది. ఐజీ గారికి రెండు తగిలాయి. ఆయన కోటు విప్పి మూడు విసిరారు. అందులో ఒకటి పరాంకుశం గారికి తగలడం యాదృచ్ఛికమేనని తర్వాత రాతపూర్వకంగా చెప్పారు.

'ఇరుపక్షాలూ ఆయుధాలను పరస్పరం ఉదారంగా పంచుకున్నవి. మిషన్ విజయవంతము' అని పరాంకుశం గారు నివేదిక పంపారు. అయినా ఆయన కడుపు మంట చల్లారలేదు. పదకొండో రోజున మద్దిలేటికీ సుంకులమ్మకీ పెళ్ళయితే, పన్నెండో రోజున మెమో వచ్చింది. తప్పుకొమ్మన్న ఉత్తర్వును ధిక్కరించినందుకూ, మిషన్ మీద దాడి చేసిన వ్యక్తిని వివాహమాడి నిష్పాక్షికతకి భంగం కలిగించినందుకూ మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

మద్దిలేటి మొహం వేలాడేసుకొని ఇంటికొచ్చి చదివి వినిపించాడు.

"దీనికేనా?" అంది సుంకులమ్మ, ఉల్లిపాయలు తరుగుతూ. "కాగితం తీసుకో. నేను చెప్తా, రాయి."

"నువ్వు చెప్తే నా ఉద్యోగం ఊడుతాది."

"రాయప్పా! 'అయ్యా, పిడక విసిరింది సుంకులమ్మ. ముహూర్తం పెట్టించింది సుంకులమ్మ. తాళి ఆదోనికి పోయి తెచ్చింది సుంకులమ్మ. పీటల మీదికి నన్ను చెయ్యి పట్టి లాక్కపోయింది కూడా సుంకులమ్మే. మొదట్నించీ కడదాకా నేను కదల్లేదు, కలగజేసుకోలేదు, ఉత్తగా నిలబడి చూస్తాంటిని. పరిశీలకుడి పని అంతే అని తమరే గదా సార్ నేర్పించినారు.'"